జలేతర ద్రావణులలో క్షారాల అంశమాపనం: ఆమ్లాన్ని విద్యుత్తుతో ఉత్పత్తి చేసే కూలోమెట్రిక్ పద్ధతి

విషయక్రమం

1. లక్ష్యాలు
2. ప్రస్తావన
3. నీటిని ఎందుకు వదలాలి?
4. బ్యూరెట్ పద్ధతి, దాని ఇబ్బందులు
5. కూలోమెట్రీ మూలసూత్రం
6. ఆనోడ్ వద్ద ఆమ్లాన్ని పుట్టించే మార్గాలు
7. విద్యుద్విశ్లేషణ ఘటం
8. ప్రయోగ విధానం
9. గణన
10. దోషాలు, పరిమితులు
11. సారాంశం
12. మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
13. నమూనా పరీక్ష ప్రశ్నలు
14. ముఖ్య పదాలు

1. లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

- బలహీన క్షారాల అంశమాపనానికి జలేతర ద్రావణి ఎందుకు కావాలో వివరించగలుగుతారు.
- ప్రమాణ ద్రావణానికి బదులు విద్యుదావేశాన్ని కొలిచి క్షార పరిమాణాన్ని ఎలా కనుక్కోవచ్చో చెప్పగలుగుతారు.
- ఆనోడ్ వద్ద ప్రోటాన్లను ఇచ్చే నాలుగు చర్యలను పోల్చగలుగుతారు.
- విద్యుత్ ప్రవాహ దక్షత నూరు శాతం ఉండవలసిన అవసరాన్ని, అది తగ్గితే కలిగే దోషాన్ని వివరించగలుగుతారు.
- ప్రయోగంలో లభించిన ప్రవాహం, కాలం విలువల నుంచి క్షారం భారాన్ని గణించగలుగుతారు.

2. ప్రస్తావన

ఆమ్ల, క్షార అంశమాపనాలను మీరు ప్రయోగశాలలో చేసే ఉంటారు. పీపెట్‌తో క్షార ద్రావణాన్ని శంఖాకార కుప్పెలోకి తీసుకొని, బ్యూరెట్ నుంచి గాఢత తెలిసిన ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ, సూచిక రంగు మారినప్పుడు ఆపుతారు. ఈ పద్ధతి మొత్తం ఒక నమ్మకంపై ఆధారపడి ఉంది. బ్యూరెట్‌లోని ద్రావణం గాఢత మనం సీసాపై రాసుకొన్న విలువే అన్నది ఆ నమ్మకం. ఆ విలువ మారితే, ఎంత జాగ్రత్తగా అంశమాపనం చేసినా ఫలితం తప్పుతుంది.

జల ద్రావణాల విషయంలో ఈ నమ్మకం చాలావరకు నిలుస్తుంది. ఎసిటిక్ ఆమ్లం వంటి ద్రావణులలో తయారుచేసిన ప్రమాణ ద్రావణాల గాఢత మాత్రం గది ఉష్ణోగ్రత మారినంత మాత్రాన మారిపోతుంది. ఔషధాల నాణ్యతను పరీక్షించే ప్రయోగశాలలలో ఇది చిన్న విషయం కాదు. ఒక ఔషధ పదార్థం శుద్ధత 99.0 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంటే, ఒక శాతం దోషం మంచి సరుకును తిరస్కరించవచ్చు, లేదా పనికిరాని సరుకును అనుమతించవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం పరిసరాలలోని ఔషధ పరిశ్రమలలో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నవారికి ఈ సమస్య పరిచితమే అయి ఉంటుంది.

ఆమ్లాన్ని సీసాలో నిల్వచేయకుండా, అవసరమైనప్పుడు, అవసరమైనంత మేరకే, అంశమాపనం జరిగే పాత్రలోనే పుట్టిస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది. అలా పుట్టించే సాధనం విద్యుత్ ప్రవాహం. పుట్టిన ఆమ్లాన్ని కొలిచే సాధనాలు అమ్మీటరు, గడియారం. ఈ భాగంలో ఆ పద్ధతిని పరిశీలిద్దాం.

3. నీటిని ఎందుకు వదలాలి?

పిరిడీన్, ఎనిలీన్, నికోటినమైడ్ వంటి సేంద్రియ క్షారాలు నీటిలో చాలా బలహీనమైనవి. అంశమాపనంలో తుల్య బిందువు వద్ద పీహెచ్ ఒక్కసారిగా మారితేనే సూచిక రంగు స్పష్టంగా మారుతుంది. ఇవి నీటిలో ఉన్నప్పుడు ఆ మార్పు మందకొడిగా ఉంటుంది. కారణం నీరే. నీరు కూడా ప్రోటాన్‌ను స్వీకరించగలదు. బలహీన క్షారం, నీరు రెండూ ప్రోటాన్ కోసం పోటీపడతాయి. క్షారం ఎంత బలహీనమైతే, అధిక సంఖ్యలో ఉన్న నీటి అణువుల ముందు అది అంతగా ఓడిపోతుంది.

ఇప్పుడు నీటికి బదులు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని తీసుకొందాం. ఇది ఆమ్ల స్వభావం గల ద్రావణి. ప్రోటాన్‌ను స్వీకరించే శక్తి దీనికి నీటికంటే చాలా తక్కువ. అంటే క్షారానికి పోటీ తగ్గుతుంది. పైగా ఇది క్షారాలకు ప్రోటాన్‌ను సులభంగా ఇస్తుంది. నీటిలో బలహీనంగా కనిపించిన అనేక ఎమీన్లు దీనిలో బలమైన క్షారాలవలె ప్రవర్తిస్తాయి. వేర్వేరు బలాలు గల క్షారాలను ద్రావణి ఒకే స్థాయికి తీసుకురావడాన్ని లెవెలింగ్ ప్రభావం అంటారు.

ఎసిటిక్ ఆమ్లంలో అన్ని ఆమ్లాలు సమానం కావు. నీటిలో సమానంగా బలమైనవిగా కనిపించే పెర్‌క్లోరిక్, సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాలు దీనిలో వేరుపడతాయి. వాటిలో పెర్‌క్లోరిక్ ఆమ్లం అన్నింటికంటే బలమైనది. అమెరికా శాస్త్రజ్ఞులు హాల్, కోనంట్‌లు 1927లో ఎసిటిక్ ఆమ్లంలోని ఇటువంటి అతి ఆమ్ల ద్రావణాలపై తమ పరిశోధనలను ప్రకటించారు. క్షారాల జలేతర అంశమాపనానికి అక్కడినుంచే పునాది పడింది.

4. బ్యూరెట్ పద్ధతి, దాని ఇబ్బందులు

సాధారణంగా 0.1 నార్మల్ పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని ఎసిటిక్ ఆమ్లంలో తయారుచేస్తారు. 72 శాతం పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని సుమారు 8.5 మి.లీ. తీసుకొని ఎసిటిక్ ఆమ్లంలో కలిపి, దానిలోని నీటిని తొలగించడానికి తగినంత ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ చేర్చి, 1 లీటరుకు పూర్తిచేస్తారు. పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో దీన్ని ప్రామాణీకరిస్తారు. ఇది నమ్మదగిన పద్ధతి. ఔషధ ప్రమాణ గ్రంథాలు దీన్ని విస్తృతంగా వాడుతున్నాయి. అయినా దీనికి మూడు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది ఉష్ణోగ్రత. ఎసిటిక్ ఆమ్లం ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.11 శాతం వ్యాకోచిస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద నీటి వ్యాకోచం దీనిలో ఐదో వంతు మాత్రమే. 25 డిగ్రీల వద్ద 0.1000 నార్మల్‌గా ప్రామాణీకరించిన ద్రావణాన్ని 35 డిగ్రీల వద్ద వాడితే:

సవరించిన నార్మాలిటీ = 0.1000 ÷ (1 + 0.0011 × 10) = 0.0989

పది డిగ్రీల తేడాకు ఒక శాతానికి మించిన మార్పు వచ్చింది. మన ప్రాంతంలో ఉదయానికి, మధ్యాహ్నానికి మధ్య ఉష్ణోగ్రతలో ఇంత తేడా రావడం అరుదు కాదు.

రెండవది పరిమాణం. పరీక్షించవలసిన క్షారం కొద్ది మిల్లీగ్రాములే ఉందనుకొందాం. 0.02 మిల్లీమోల్ క్షారానికి 0.1 నార్మల్ ఆమ్లం 0.2 మి.లీ. చాలు. బ్యూరెట్ నుంచి పడే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. అంటే ఒక్క చుక్క ఎక్కువైతే 25 శాతం దోషం వస్తుంది. ఆమ్లాన్ని విలీనం చేస్తే చుక్కల సంఖ్య పెరుగుతుంది కాని, విలీన ద్రావణం గాఢతను స్థిరంగా ఉంచడం ఇంకా కష్టం.

మూడవది భద్రత. గాఢ పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ నేరుగా కలిస్తే ప్రమాదకరం. 1947 ఫిబ్రవరి 20న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో లోహాలకు మెరుగుపెట్టే ఒక కర్మాగారంలో ఈ రెండింటి మిశ్రమం పేలి 17 మంది మరణించారు. అందుకే పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని ముందు ఎసిటిక్ ఆమ్లంలో కలిపి, ఆ తరువాతనే ఎన్‌హైడ్రైడ్‌ను చల్లబరుస్తూ నెమ్మదిగా చేర్చాలన్న నియమాన్ని ప్రయోగశాలలలో కచ్చితంగా పాటిస్తారు.

ఈ మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే: ఆమ్లాన్ని ముందుగా తయారుచేసి, నిల్వచేసి, ఘనపరిమాణంతో కొలవడం.

5. కూలోమెట్రీ మూలసూత్రం

ఫారడే నియమాలను మీరు భౌతిక రసాయనశాస్త్రంలో చదివారు. ఎలక్ట్రోడ్ వద్ద చర్య జరిపే పదార్థం పరిమాణం, ప్రవహించిన విద్యుదావేశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,485 కూలూంబ్‌లు. దీన్ని ఒక ఫారడే అంటారు.

ప్రవాహం స్థిరంగా ఉంటే ఆవేశాన్ని లెక్కించడం సులభం:

ఆవేశం (కూలూంబ్‌లలో) = ప్రవాహం (ఆంపియర్లలో) × కాలం (సెకన్లలో)

ఆనోడ్ వద్ద ఒక ఎలక్ట్రాన్ తీసివేసినప్పుడు ఒక ప్రోటాన్ పుట్టే చర్యను ఎంచుకొన్నామనుకొందాం. అప్పుడు:

పుట్టిన ఆమ్లం (మోల్‌లలో) = ప్రవాహం × కాలం ÷ 96,485

ఈ సమీకరణంలో నార్మాలిటీ లేదు, ఘనపరిమాణం లేదు, ఉష్ణోగ్రత లేదు. ఇక్కడ ప్రమాణ పదార్థం ఎలక్ట్రానే. దాన్ని తూచవలసిన పని లేదు, ప్రామాణీకరించవలసిన పని లేదు. అది ఆవిరి కాదు, వ్యాకోచించదు. 1938లో హంగరీకి చెందిన సెబెల్లేది, షోమోగిలు ఈ ఆలోచనను అంశమాపనానికి అన్వయించారు. కారకాన్ని పాత్రలోనే విద్యుత్తుతో ఉత్పత్తి చేసే ఈ విధానమే కూలోమెట్రిక్ అంశమాపనం.

కాని పై సమీకరణం ఒక షరతుపైనే నిజం. ఆనోడ్ ద్వారా వెళ్ళిన ప్రతి ఎలక్ట్రాన్ మనం కోరిన చర్య నుంచే రావాలి. ఖర్చయిన ప్రతి ఎలక్ట్రాన్‌కూ ఒక ప్రోటాన్ లెక్క దొరకాలి. దీన్నే విద్యుత్ ప్రవాహ దక్షత నూరు శాతం ఉండటం అంటారు. కొంత ప్రవాహం మరో ఆక్సీకరణ చర్యకు పోతే, అమ్మీటరు దాన్ని కూడా లెక్కిస్తుంది కాని, ఆ మేరకు ఆమ్లం పుట్టదు. బ్యూరెట్ పద్ధతిలో మన శ్రద్ధ అంతా ప్రమాణ ద్రావణంపై ఉంటే, ఈ పద్ధతిలో అది ఆనోడ్ చర్య ఎంపికపై ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) 10.00 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని 193.0 సెకన్లు పంపితే ఎన్ని మోల్‌ల ఆమ్లం పుడుతుంది?

ఆ) కొంత ప్రవాహం ఆమ్లాన్ని పుట్టించని మరో చర్యకు ఖర్చయితే, క్షారం విలువ నిజమైన దానికంటే ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా?

6. ఆనోడ్ వద్ద ఆమ్లాన్ని పుట్టించే మార్గాలు

ఆమ్లాన్ని పుట్టించే పదార్థం సులభంగా, అంటే తక్కువ ధన పొటెన్షియల్ వద్దనే ఆక్సీకరణం చెందాలి. లేకపోతే దానికంటే ముందు ద్రావణి గాని, మనం కొలవదలచిన క్షారం గాని ఆక్సీకరణం చెందుతుంది. సేంద్రియ క్షారాలలో చాలా ఎమీన్లు, ముఖ్యంగా ఎనిలీన్ వంటి ఎరోమాటిక్ ఎమీన్లు ప్లాటినం ఆనోడ్ వద్ద సులభంగా ఆక్సీకరణం చెందుతాయి. ఈ దృష్టితో నాలుగు మార్గాలను పోల్చి చూద్దాం.

6.1 నీటి ఆక్సీకరణం

2 నీటి అణువులు → ఆక్సిజన్ + 4 ప్రోటాన్లు + 4 ఎలక్ట్రాన్లు

జల ద్రావణాలలో ప్లాటినం ఆనోడ్ వద్ద జరిగే చర్య ఇది. జలేతర ద్రావణిలో స్వల్పంగా నీరు ఉంచి కూడా దీన్ని వాడవచ్చు. ఎసిటోనైట్రైల్‌లో సేంద్రియ క్షారాల కూలోమెట్రిక్ అంశమాపనాన్ని హాన్సెల్‌మన్, స్ట్రూలీలు 1956లో ప్రచురించారు. అయితే నీటి ఆక్సీకరణానికి అధిక ధన పొటెన్షియల్ కావాలి. సులభంగా ఆక్సీకరణం చెందే ఎమీన్లకు ఈ మార్గం తగదు. అంతేకాక, ఏ నీటిని తప్పించడానికి జలేతర ద్రావణిని ఎంచుకొన్నామో ఆ నీటినే మళ్ళీ తేవలసి వస్తుంది.

6.2 హైడ్రోక్వినోన్ ఆక్సీకరణం

హైడ్రోక్వినోన్ → క్వినోన్ + 2 ప్రోటాన్లు + 2 ఎలక్ట్రాన్లు

హైడ్రోక్వినోన్ నీటికంటే చాలా తక్కువ పొటెన్షియల్ వద్ద ఆక్సీకరణం చెందుతుంది. దాన్ని ద్రావణిలో అధికంగా కరిగించి ఉంచితే, ఆనోడ్ ఉపరితలానికి నిరంతరం చేరుతూ ఉంటుంది. రెండు ఎలక్ట్రాన్లకు రెండు ప్రోటాన్లు పుడతాయి కనుక గణనలో మార్పు లేదు. క్వినోన్ పసుపు రంగు పదార్థం కనుక, సూచిక రంగును కంటితో చూసేటప్పుడు దాన్ని గుర్తుంచుకోవాలి. కొన్ని ఎమీన్లు క్వినోన్‌తో చర్య జరుపుతాయన్నది మరో పరిమితి.

6.3 పాదరసం ఆనోడ్

2 పాదరసం + 2 ఎసిటిక్ ఆమ్లం → మెర్క్యురస్ ఎసిటేట్ + 2 ప్రోటాన్లు + 2 ఎలక్ట్రాన్లు

ఇక్కడ ఆక్సీకరణం చెందేది ఎలక్ట్రోడ్ లోహమే. పుట్టిన మెర్క్యురస్ అయాన్లు ఎసిటేట్‌తో కలిసిపోతాయి. ఎసిటిక్ ఆమ్లం అణువు నుంచి ఎసిటేట్ పోగా మిగిలిన ప్రోటాన్ ద్రావణిలోకి విడుదలవుతుంది. మాథర్, ఆన్సన్‌లు 1961లో క్షారాల అంశమాపనానికి ఈ మార్గాన్ని వివరించారు. ద్రావణంలో క్లోరైడ్ ఉంటే పాదరసం దానితో మెర్క్యురస్ క్లోరైడ్‌ను ఏర్పరుస్తుంది. ఆ చర్యలో ఎలక్ట్రాన్లు ఖర్చవుతాయి, ప్రోటాన్లు పుట్టవు. అందువల్ల ఎమీన్ హైడ్రోక్లోరైడ్ లవణాలకు దీన్ని నేరుగా వాడరాదు. పాదరసం విషపదార్థం కనుక దాని వాడకాన్ని ఇప్పుడు వీలైనంత తగ్గిస్తున్నారు.

6.4 పెల్లేడియంలోని హైడ్రోజన్

పెల్లేడియంలోని హైడ్రోజన్ పరమాణువు → ప్రోటాన్ + ఎలక్ట్రాన్

పెల్లేడియం లోహం తన ఘనపరిమాణానికి కొన్ని వందల రెట్ల హైడ్రోజన్‌ను పీల్చుకోగలదు. థామస్ గ్రాహమ్ 1860లలోనే ఈ ధర్మాన్ని గుర్తించాడు. పెల్లేడియం తీగను ముందుగా విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కాథోడ్‌గా ఉంచి హైడ్రోజన్‌తో నింపుతారు. తరువాత దాన్ని కడిగి, తడి లేకుండా చేసి, అంశమాపన ఘటంలో ఆనోడ్‌గా వాడతారు. అది తనలో దాచుకొన్న హైడ్రోజన్‌ను ప్రోటాన్ల రూపంలో విడుదల చేస్తుంది. అప్పటి యుగోస్లావియాలో వజ్‌గాండ్, మిహైలోవిచ్, వారి సహచరులు ఎసిటిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వంటి ద్రావణులలో కూలోమెట్రిక్ అంశమాపనాలపై విస్తృతంగా కృషిచేశారు.

ఈ మార్గానికి ఉన్న బలం ఏమంటే, హైడ్రోజన్ చాలా తక్కువ పొటెన్షియల్ వద్దనే ఆక్సీకరణం చెందుతుంది. ఆ పొటెన్షియల్ వద్ద ఎమీన్ గాని, ద్రావణి గాని ఆక్సీకరణం చెందవు. ద్రావణంలో అదనపు పదార్థమేదీ కలపనవసరం లేదు. ప్రోటాన్ తప్ప మరో ఉత్పన్నం కూడా ఉండదు.

తీగలోని నిల్వ ఎంతకాలం వస్తుంది? 1 గ్రాము పెల్లేడియం 0.0094 మోల్. పరమాణువుకు 0.6 హైడ్రోజన్ చొప్పున దానిలో సుమారు 0.0056 మోల్ హైడ్రోజన్ ఉంటుంది. ఒక్కో అంశమాపనానికి 0.00002 మోల్ ఖర్చయితే, సిద్ధాంతరీత్యా 280 అంశమాపనాలకు సరిపోతుంది. నిల్వ పూర్తిగా అయ్యేవరకు ఆగితే ప్రవాహం ఇతర చర్యలకు మళ్ళుతుంది. అందువల్ల చాలా ముందుగానే తీగను మళ్ళీ హైడ్రోజన్‌తో నింపుకోవాలి.

7. విద్యుద్విశ్లేషణ ఘటం

ఆనోడ్ వద్ద ఏం జరుగుతుందో చూశాం. కాథోడ్‌ను మరచిపోకూడదు. ఎసిటిక్ ఆమ్లంలో కాథోడ్ వద్ద జరిగే చర్య:

2 ఎసిటిక్ ఆమ్లం + 2 ఎలక్ట్రాన్లు → హైడ్రోజన్ వాయువు + 2 ఎసిటేట్ అయాన్లు

ఎసిటిక్ ఆమ్లంలో ఎసిటేట్ అయాన్ బలమైన క్షారం. ఆనోడ్ వద్ద ఎన్ని ప్రోటాన్లు పుడతాయో, కాథోడ్ వద్ద సరిగ్గా అన్ని ఎసిటేట్ అయాన్లు పుడతాయి. రెండూ ఒకే ద్రావణంలో కలిస్తే ఒకదానినొకటి తటస్థీకరించుకొంటాయి. గంటల తరబడి ప్రవాహాన్ని పంపినా అంతిమ బిందువు రాదు. అందుకే ఘటాన్ని రెండు గదులుగా చేస్తారు. మధ్యలో సన్నని రంధ్రాలు గల సింటర్డ్ గాజు పలక ఉంటుంది. అయాన్లు దాని ద్వారా ప్రవాహాన్ని మోస్తాయి కాని, రెండు గదుల ద్రావణాలు తేలికగా కలవవు. క్షారాన్ని ఆనోడ్ గదిలోనే తీసుకోవాలి.

రెండో విషయం వాహకత. గది ఉష్ణోగ్రత వద్ద నీటి రోధక స్థిరాంకం సుమారు 78, ఎసిటోనైట్రైల్‌కు 36, ఎసిటిక్ ఆమ్లానికి 6 మాత్రమే. ఎసిటిక్ ఆమ్లంలో కరిగిన లవణాలు ఎక్కువగా అయాన్ జంటలుగానే ఉండిపోతాయి కనుక నిరోధం అధికం. దీన్ని తగ్గించడానికి సోడియం పెర్‌క్లోరేట్ వంటి ఆధార విద్యుద్విశ్లేష్యాన్ని కరిగిస్తారు. పెర్‌క్లోరేట్ అయాన్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. అది ఆనోడ్ వద్ద ఆక్సీకరణం చెందదు. క్షారంగా కూడా అతి బలహీనమైనది కనుక పుట్టిన ప్రోటాన్‌ను లాక్కోదు. పుట్టిన ప్రోటాన్, పెర్‌క్లోరేట్ కలిసి పెర్‌క్లోరిక్ ఆమ్లంలాగే పనిచేస్తాయి. బ్యూరెట్‌లో ఉండే ఆమ్లమే ఇక్కడ పాత్రలో పుడుతున్నదన్నమాట. కాని దాని పరిమాణం ఒక అంశమాపనానికి సుమారు 2 మిల్లీగ్రాములే.

ఆధార విద్యుద్విశ్లేష్యం ఉన్నా నిరోధం కొంత మిగులుతుంది. ఘటం నిరోధం 2,000 ఓమ్‌లు ఉంటే, 5 మిల్లీ ఆంపియర్ల ప్రవాహానికి 10 వోల్టులు కావాలి. అంశమాపనం జరుగుతుండగా నిరోధం మారవచ్చు. నిరోధం మారినా ప్రవాహాన్ని మారనివ్వని స్థిర ప్రవాహ జనకాన్ని వాడటం ఇందుకే.

8. ప్రయోగ విధానం

ఉదాహరణగా నికోటినమైడ్‌ను తీసుకొందాం. ఇది బి విటమిన్ల వర్గానికి చెందినది. దాని పిరిడీన్ వలయంలోని నైట్రోజన్ ఒక ప్రోటాన్‌ను స్వీకరిస్తుంది. నీటిలో ఇది పిరిడీన్ కంటే కూడా బలహీనమైన క్షారం.

సోపానం 1: ఆనోడ్, కాథోడ్ గదులలో ఎసిటిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ మిశ్రమంలో కరిగించిన 0.1 మోలార్ సోడియం పెర్‌క్లోరేట్ ద్రావణాన్ని తీసుకోవాలి. ఎన్‌హైడ్రైడ్ ద్రావణిలోని నీటిని తొలగిస్తుంది.

సోపానం 2: ఆనోడ్ గదిలో ఒక చుక్క క్రిస్టల్ వయొలెట్ సూచికను కలపాలి. క్షార మాధ్యమంలో ఇది ఊదా రంగులో ఉంటుంది. ఆమ్లం పెరిగినకొద్దీ నీలం, ఆకుపచ్చ, చివరకు పసుపు రంగులకు మారుతుంది.

సోపానం 3: క్షారం కలపకముందే కొద్దిసేపు ప్రవాహాన్ని పంపి, సూచికను ఎంచుకొన్న నీలి ఆకుపచ్చ రంగుకు తేవాలి. దీన్ని పూర్వ అంశమాపనం అంటారు. ద్రావణిలోను, లవణంలోను ఉన్న క్షార మలినాలకు, సూచికకు కావలసిన ఆమ్లం ఈ దశలోనే ఖర్చయిపోతుంది. ఈ కాలాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

సోపానం 4: కచ్చితంగా కొలిచిన నికోటినమైడ్ ద్రావణాన్ని ఆనోడ్ గదిలో కలపాలి. రంగు మళ్ళీ ఊదాకు మారుతుంది.

సోపానం 5: ద్రావణాన్ని అయస్కాంత కలియబెట్టు సాధనంతో కలుపుతూ, స్థిర ప్రవాహాన్ని, గడియారాన్ని ఒకేసారి ప్రారంభించాలి. అంతిమ బిందువు సమీపించగానే ప్రవాహాన్ని కొద్ది సెకన్ల చొప్పున పంపుతూ ఆపుతూ ఉండాలి. అదే నీలి ఆకుపచ్చ రంగు నిలిచినప్పుడు మొత్తం కాలాన్ని నమోదు చేయాలి.

సోపానం 6: నికోటినమైడ్ లేకుండా, అంతే పరిమాణం ద్రావణితో ఖాళీ ప్రయోగం చేసి ఆ కాలాన్ని తీసివేయాలి.

రంగుల మార్పును కంటితో నిర్ణయించడం కష్టమైతే గాజు ఎలక్ట్రోడ్‌తో పొటెన్షియల్‌ను కొలవవచ్చు. ఉత్పాదక ప్రవాహాన్ని ఆపి రీడింగు తీసుకోవడం మంచిది. లేకపోతే ద్రావణంలోని వోల్టేజి పతనం రీడింగులో కలుస్తుంది. మరో పద్ధతిలో ఉష్ణోగ్రతను గమనిస్తారు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, నీటి మధ్య చర్యను అధికంగా ఉన్న ఆమ్లం ఉత్ప్రేరణం చేస్తుంది. తుల్య బిందువు దాటగానే ఆ చర్య వేగం పుంజుకొని ఉష్ణోగ్రత చప్పున పెరుగుతుంది. దీన్ని ఉత్ప్రేరక ఉష్ణమితీయ పద్ధతి అంటారు. దీనికోసం ద్రావణిలో కొద్ది నీటిని కావాలనే ఉంచుతారు.

9. గణన

24.60 మిల్లీగ్రాముల నికోటినమైడ్ నమూనాను ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి 10.00 మి.లీ.కు పూర్తిచేశారు. దీనిలో 1.00 మి.లీ.ను అంశమాపనం చేశారు. ప్రవాహం 5.000 మిల్లీ ఆంపియర్లు. మొత్తం కాలం 388.0 సెకన్లు, ఖాళీ ప్రయోగానికి 2.0 సెకన్లు. నికోటినమైడ్ మోలార్ ద్రవ్యరాశి 122.12. నమూనా శుద్ధత ఎంత?

నికర కాలం = 388.0 − 2.0 = 386.0 సెకన్లు

ఆవేశం = 0.005000 × 386.0 = 1.930 కూలూంబ్‌లు

ఆమ్లం = 1.930 ÷ 96,485 = 2.000 × 10⁻⁵ మోల్

ఒక ప్రోటాన్‌కు ఒక నికోటినమైడ్ అణువు కనుక:

నికోటినమైడ్ = 2.000 × 10⁻⁵ × 122.12 గ్రాములు = 2.443 మిల్లీగ్రాములు

1.00 మి.లీ.లో తీసుకొన్న నమూనా = 2.460 మిల్లీగ్రాములు

శుద్ధత = 2.443 ÷ 2.460 × 100 = 99.3 శాతం

ఇదే పరిమాణానికి బ్యూరెట్‌లోని 0.1 నార్మల్ ఆమ్లం నాలుగు చుక్కలు మాత్రమే సరిపోయేది. ఇక్కడ మనం 386 సెకన్లను కొలిచాం. ఒక సెకను పొరపాటు పడినా దోషం 0.26 శాతమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఇ) 8.00 మిల్లీ ఆంపియర్ల ప్రవాహంతో పిరిడీన్ అంశమాపనానికి 241.2 సెకన్లు పట్టింది. పిరిడీన్ భారాన్ని కనుక్కోండి. దాని మోలార్ ద్రవ్యరాశి 79.10.

ఈ) ఆనోడ్, కాథోడ్ గదులను వేరుచేయకపోతే ఏం జరుగుతుంది?

10. దోషాలు, పరిమితులు

- ప్రవాహ దక్షత: ఇది నూరు శాతం ఉన్నదని ఊహించుకోకూడదు, పరీక్షించాలి. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ వంటి శుద్ధమైన పదార్థాన్ని తెలిసిన పరిమాణంలో తీసుకొని అంశమాపనం చేయాలి. లెక్కించిన విలువ తీసుకొన్న విలువతో సరిపోతేనే ఆ ఎలక్ట్రోడ్‌ను నమ్మాలి. ప్రవాహం ఎక్కువైతే ఆనోడ్ ఉపరితలానికి చేరే పదార్థం చాలక దక్షత తగ్గుతుంది.

- క్షారం స్వభావం: ప్రైమరీ, సెకండరీ ఎమీన్లు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో ఎసిటైలీకరణం చెంది క్షారత్వాన్ని కోల్పోతాయి. వాటికి ఎన్‌హైడ్రైడ్ లేని ద్రావణిని ఎంచుకోవాలి.

- గదుల మధ్య మిశ్రమం: సింటర్డ్ గాజు పలక ద్వారా ఎసిటేట్ కొద్దిగా ఆనోడ్ గదిలోకి చేరితే కాలం పెరుగుతుంది. రెండు గదులలోని ద్రావణ మట్టాలను సమానంగా ఉంచాలి.

- పెద్ద పరిమాణాలు: 0.01 మోల్ క్షారానికి 5 మిల్లీ ఆంపియర్ల వద్ద రెండు రోజులకు పైగా పడుతుంది. అందుచేత ఈ పద్ధతి సూక్ష్మ పరిమాణాలకే అనుకూలం. పెద్ద పరిమాణాలకు బ్యూరెట్టే సరైన సాధనం.

- భద్రత: గాఢ పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని నిల్వచేయవలసిన అవసరం తప్పుతుంది. కాని పెర్‌క్లోరేట్ లవణాలు బలమైన ఆక్సీకరణులు. వాడిన ద్రావణాలను ఎట్టి పరిస్థితిలోను ఆవిరిచేసి ఎండబెట్టకూడదు. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌ను పొగగూటిలోనే వాడాలి.

ఆమ్లానికి బదులు అయోడిన్‌ను ఆనోడ్ వద్ద పుట్టిస్తే, ఇదే సూత్రం నీటి పరిమాణాన్ని కొలిచే కార్ల్ ఫిషర్ కూలోమెట్రీ అవుతుంది. ఔషధ ప్రయోగశాలలలో ఆ పరికరం సాధారణంగా కనిపిస్తుంది. దాన్ని వాడేవారు ఈ భాగంలోని పూర్వ అంశమాపనం, ప్రవాహ దక్షత, వేరుచేసిన కాథోడ్ అనే అంశాలను అక్కడ కూడా గుర్తించవచ్చు.

11. సారాంశం

నీటిలో బలహీనమైన క్షారాలు ఎసిటిక్ ఆమ్లం వంటి ద్రావణులలో స్పష్టమైన అంతిమ బిందువును ఇస్తాయి. కాని ఆ ద్రావణులలో తయారుచేసిన ప్రమాణ ఆమ్లం ఉష్ణోగ్రతతో గాఢత మారుతుంది, సూక్ష్మ పరిమాణాలకు చాలదు, తయారీలో ప్రమాదం ఉంది. కూలోమెట్రిక్ పద్ధతిలో ఆమ్లం ఆనోడ్ వద్ద పుడుతుంది. దాని పరిమాణాన్ని ప్రవాహం, కాలం నిర్ణయిస్తాయి. నీరు, హైడ్రోక్వినోన్, పాదరసం, పెల్లేడియంలోని హైడ్రోజన్ ప్రోటాన్లకు మూలాలు. వీటిలో తక్కువ పొటెన్షియల్ వద్ద ఆక్సీకరణం చెందే హైడ్రోజన్, ఎమీన్లకు అనువైనది. కాథోడ్‌ను వేరుచేయడం, పూర్వ అంశమాపనం చేయడం, దక్షతను తెలిసిన పదార్థంతో పరీక్షించడం తప్పనిసరి. ప్రమాణ ద్రావణాన్ని నమ్మే బదులు ఎలక్ట్రాన్‌ను నమ్ముతున్నాం. ఆ ఎలక్ట్రాన్ కోరిన చర్య నుంచే వచ్చిందని రుజువు చేసుకొనే బాధ్యత మాత్రం విశ్లేషకునిదే.

12. మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

అ) 0.01000 × 193.0 = 1.930 కూలూంబ్‌లు. 96,485తో భాగిస్తే 2.000 × 10⁻⁵ మోల్.

ఆ) ఎక్కువ వస్తుంది. అంతిమ బిందువు చేరడానికి అదనపు కాలం పడుతుంది, ఆ కాలాన్ని కూడా క్షారానికే లెక్కిస్తాం.

ఇ) 0.00800 × 241.2 = 1.930 కూలూంబ్‌లు. ఆమ్లం 2.00 × 10⁻⁵ మోల్. పిరిడీన్ 1.58 మిల్లీగ్రాములు.

ఈ) కాథోడ్ వద్ద పుట్టిన ఎసిటేట్, ఆనోడ్ వద్ద పుట్టిన ప్రోటాన్లను తటస్థీకరిస్తుంది. అంతిమ బిందువు రాదు.

13. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. జలేతర ద్రావణులలో క్షారాల కూలోమెట్రిక్ అంశమాపన సూత్రాన్ని, ఘటం నిర్మాణాన్ని వివరించండి.
2. ఆనోడ్ వద్ద ప్రోటాన్లను ఉత్పత్తి చేసే వివిధ చర్యలను పోల్చి, ఎరోమాటిక్ ఎమీన్లకు ఏది అనువైనదో కారణాలతో చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. లెవెలింగ్ ప్రభావం అంటే ఏమిటి?
2. పూర్వ అంశమాపనం ఎందుకు చేయాలి?
3. ఆధార విద్యుద్విశ్లేష్యంగా సోడియం పెర్‌క్లోరేట్‌ను ఎంచుకోవడానికి కారణాలు తెలపండి.
4. 28 డిగ్రీల వద్ద 0.1020 నార్మల్‌గా ప్రామాణీకరించిన పెర్‌క్లోరిక్ ఆమ్ల ద్రావణం నార్మాలిటీ 36 డిగ్రీల వద్ద ఎంత? కూలోమెట్రిక్ పద్ధతిలో ఈ సవరణ ఎందుకు అవసరం లేదు?

14. ముఖ్య పదాలు

కూలోమెట్రీ: ప్రవహించిన విద్యుదావేశాన్ని కొలిచి పదార్థ పరిమాణాన్ని నిర్ణయించే పద్ధతి.

విద్యుత్ ప్రవాహ దక్షత: మొత్తం ప్రవాహంలో కోరిన ఎలక్ట్రోడ్ చర్యకు ఖర్చయిన భాగం, శాతంలో చెబుతారు.

ఆధార విద్యుద్విశ్లేష్యం: ఎలక్ట్రోడ్ చర్యలో పాల్గొనకుండా ద్రావణానికి వాహకతను ఇచ్చే లవణం.

పూర్వ అంశమాపనం: నమూనా కలపకముందే ద్రావణిని అంతిమ బిందువు స్థితికి తీసుకురావడం.

జలేతర ద్రావణి: నీరు కాని ద్రావణి, ఉదాహరణకు ఎసిటిక్ ఆమ్లం, ఎసిటోనైట్రైల్.